నరికినకొద్దీ చుక్కలు

జూన్ 3

పిట్టా,

బాగున్నావా అని అడగను. బాగుండకపోతే ఈపాటికి నాలుగు పేజీల ఉత్తరం వచ్చి ఉండేది. నీకు కష్టమొస్తేనే కదా వదిన గుర్తొచ్చేది. ఆల్చిప్పల షెడ్డులో ఫోనుంది గానీ అక్కడ మాట్లాడితే ఏరంతా వింటుంది. అందుకే ఈ కాగితం.

మన ఆల్చిప్పల్ని ఏదో తినేస్తోంది. పోయిన నెల మీ అన్న తెప్ప మీదికెళ్లి ఆల్చిప్పలు పెంచే తాడు ఒకటి పైకి లాగితే, గుత్తి గుత్తంతా నోళ్లు తెరుచుకుని ఉంది. లోపల కండ లేదు, కడిగి పెట్టిన గిన్నెల్లా తెల్లగా ఉన్నాయి. ఒక చిప్పను మాత్రం అరచెయ్యంత చుక్క చేప కావలించుకుని ఉంది. ఐదు కాళ్లు, పసుపు రంగు, కొసలు ఊదా. ఈ ఉప్పుటేట్లో అలాంటిదాన్ని మేమెవరం ఎప్పుడూ చూడలేదు. అదేం చేస్తుందో తెలుసా? కాళ్లతో చిప్పను పట్టి, అది అలసిపోయేదాకా రెండు పక్కలా లాగుతుంది. కాస్త సందు దొరికిందంటే తన కడుపునే బయటికి తీసి ఆ సందులోంచి లోపలికి తోస్తుంది. ఆల్చిప్పను దాని ఇంట్లోనే పెట్టి అరిగించేసుకుంటుంది.

మీ అన్నకి ఒళ్లు మండింది. తెప్ప చెక్క మీదే పెట్టి కత్తితో మూడు ముక్కలు చేసి ఏట్లోకి విసిరాడు. ఒడ్డున పడెయ్యకూడదుగా. ఆ ఈగల గొడవ తర్వాత షెడ్డు పెద్దలు పెట్టిన కట్టుబాటు నువ్వున్నప్పటిదే. ఏట్లోంచి తీసిన చెత్త ఏదైనా మళ్లీ ఏట్లోకే పోవాలి, ఒడ్డున ఒక్క చిప్ప కూడా కుళ్లకూడదు.

ఆ సాయంత్రానికి అందరి తెప్పల్లోనూ చుక్కలు బయటపడ్డాయి. అందరూ కత్తులు తీశారు. చాలా రోజుల తర్వాత ఏరంతా ఒక్క మాట మీద ఉంది. నవ్వుతావేమో గానీ, నాక్కూడా హాయిగానే అనిపించింది. నేనూ ఒక గంపెడు నరికాను.

మీ ఆయన చెవి పోటు ఎలా ఉంది? అడిగానని చెప్పు.

మీ వదిన


జూన్ 14

వదినా,

నాలుగు పేజీలు రాయనందుకు ఇంత దెప్పాలా? రోజంతా ఇక్కడ రేవులో బోటు మీద నిలబడి మా ఆయన గాలి గొట్టం పట్టుకుని ఉంటాను. ఇంటికొచ్చి పెన్ను పట్టుకుందామంటే వేళ్లు విచ్చుకోవు. కింద ఆయన ఓడ అడుగున పట్టిన నాచూ గుల్లలూ గీకుతుంటాడు, పైన నేను గొట్టం వదులుతూ బిగిస్తూ ఉంటాను. ఒకసారి లాగితే బాగున్నానని, వరసగా లాగితే పైకి తియ్యమని. పెళ్లయినప్పటి నుంచీ మేమిద్దరం పోట్లాడుకోకుండా మాట్లాడుకునేది ఆ గొట్టంతోనే.

చుక్కల సంగతి చెబితే ఆయనేం ఆశ్చర్యపోలేదు. సరుకు లేని ఓడ ఒరిగిపోకుండా కడుపు నిండా నీళ్లు నింపుకుని బయల్దేరుతుందట. ఏ సముద్రం నీళ్లో, ఏ రేవు నీళ్లో. ఇక్కడికొచ్చి సరుకు ఎక్కించుకునేటప్పుడు వాటిని కక్కేస్తుంది. కంటికి ఆనని చుక్క పిల్లలు అందులో కొల్లలుగా ఉంటాయి. వాటి సొంత చోట వాటిని తిని అదుపులో పెట్టే జీవాలు ఉంటాయి. ఇక్కడ వాటి జోలికి పోయేది లేదు, అందుకే అలా రెచ్చిపోతాయని చెప్పాడు.

ఆయన చెవి చీము పట్టింది. నీళ్లలోకి దిగితే చెవుడు ఖాయమని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఈయన వింటేగా. ఈలోపు చెవుడు వచ్చేసిందేమోనని నా అనుమానం.

అన్నయ్యతో చెప్పు, నా వాటాకి కూడా నాలుగు నరకమని. చిన్నప్పుడు నా వేలు కరిచిన పీతను రాయి పెట్టి పిండి చేసి, ఇక నిన్నెవరూ ముట్టుకోరు చెల్లాయ్ అన్నాడు. ఆ చుక్కలకి ఇంకా తెలీదు పాపం, ఎవరితో పెట్టుకున్నాయో.

నీ పిట్ట


జులై 2

పిట్టా,

నీ వాటా నరికించాను. నాలుగేమిటి, నాలుగు గంపలు అయ్యుంటాయి.

ఇప్పుడు ఆటు వచ్చి ఏటి నీళ్లు వెనక్కి తీసే వేళకి షెడ్డు ముందు చేరడం అందరికీ అలవాటైపోయింది. కొయ్య దుంగలు వేసుకున్నాం. ఆడా మగా వరసగా కూర్చుని టకటకా నరకడం, గంపలెత్తి ఏట్లో గుమ్మరించడం. మోచేతుల దాకా జిగురు. మీ అన్న మధ్యలో నిలబడి ఎవరి గంప నిండిందో, ఎవరు చెయ్యి నెమ్మదించారో చూస్తుంటాడు. ఈ పని మొదలెట్టించింది ఆయనే కాబట్టి షెడ్డు పెద్ద ఆయనే అయిపోయాడు. ఇంట్లో కూడా అదే గొంతుతో మాట్లాడుతున్నాడు. మంచినీళ్లు అడిగినా గంప నిండలేదని తిట్టినట్టే ఉంటుంది.

చుక్కలు మాత్రం తగ్గట్లేదు. అప్పుడు తాడుకి ఒకటి కనిపించేది, ఇప్పుడు తాడే కనిపించడం లేదు. ఆల్చిప్పలు అయిపోతే మట్టిలోని గవ్వలు, చిన్న పీతలు, ఏది దొరికితే అది తింటున్నాయి. గవ్వల కోసం వచ్చే కొంగలు రావడం మానేశాయి. వింతేమిటంటే కొన్ని చుక్కలకి ఒక కాలు పెద్దది, మిగతావి మొలకల్లా చిన్నవి. అవి పిల్లలని మీ అన్న అంటాడు. పిల్లలైతే అలా వంకరగా ఎందుకుంటాయని అడిగితే నోరు ముయ్యమన్నాడు.

మనుషులకి కూడా తిక్క ఎక్కుతోంది. మన పక్క తెప్పాయన తన చుక్కల్ని నరక్కుండా మన వైపు తోస్తున్నాడని ఎవరో చాడీ మోశారు. నిజమో కాదో ఎవరూ అడగలేదు. మీ అన్న పడవ తీసుకెళ్లి తెడ్డుతో ఒక్కటేశాడు. ఆయన భుజం ఎముక విరిగిన చప్పుడు షెడ్డులో ఉన్న నాకు వినబడింది. కింద పడ్డాక ఇంకో రెండు వేశాడు. ఆయన పెళ్లాం ఒడ్డున నిలబడి కేకలు పెడుతుంటే ఒక్కళ్లూ కదల్లేదు. ఆ సాయంత్రం గంపలు ముందుకన్నా తొందరగా నిండాయి.

మీ ఓడలు కక్కిన కక్కుని మేము ఎత్తిపోసుకుంటున్నాం. మీరు మాత్రం ఆ ఓడల మీదే జీతాలు తీసుకుని చల్లగా ఉన్నారు. కోపమొస్తే రానీ, నాకు అనాలనిపించింది, అన్నాను.

వదిన


జులై 15

వదినకి,

కోపమొచ్చింది. ఓడలు నావా? మా ఆయన వాటి అడుగున పాక్కుంటూ చెవి పోగొట్టుకుంటున్నాడు, అది చల్లగా ఉండటమా? పక్క తెప్పాయన భుజం విరగ్గొట్టిన మొగుణ్ణి వదిలేసి నా మీద పడ్డావు. అన్నయ్య అంతపని చేశాడంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. నువ్వు గోరంతని కొండంత చేస్తావు, అది నీకు కొత్త కాదు.

సరే, అసలు సంగతి విను. చేపల శాఖ ఆవిడ ఒకరు మా రేవుకి వస్తుంటారు. నువ్వు రాసింది చెప్పాను, ఒక కాలు పెద్దది మిగతావి చిన్నవి అని. ఆవిడ తల పట్టుకున్నారు. చుక్కని నరికి నీళ్లలో వేస్తే చావదట వదినా. నడిబొడ్డు కాస్త అంటుకుని ఉన్న ప్రతి ముక్కా మళ్లీ చుక్కవుతుందట. మీరు ఒకదాన్ని మూడు చేస్తున్నారు. వాటిని ముక్క చెయ్యకుండా తీసి, సంచుల్లో వేసి, ఒడ్డుకి దూరంగా గుంట తవ్వి సున్నం పోసి పూడ్చాలట. వెంటనే ఆపమని చెప్పమన్నారు.

ఆవిడే డైవర్లని పంపిస్తున్నారు. ఆగస్టు మొదట్లో మా బోటే వస్తుంది. మా ఆయనా వస్తాడు, కానీ దిగడు, ఒట్టేయించుకున్నాను. మాతో పని చేసే పొడుగాయన దిగి చుక్కల్ని ఏరతాడు, ఈయన బోటులో కూర్చుని గొట్టం పడతాడు. నాకు సెలవివ్వలేదు.

అన్నయ్యకి నెమ్మదిగా చెప్పు. తెలీక చేసిన పనికి ఎవరూ తప్పు పట్టరు.

పిట్ట


జులై 27

పిట్టా,

మన మాటల పట్టింపులు పక్కన పెట్టు. మీ ఆయన్ని పంపకు.

నీ ఉత్తరం మీ అన్నకి చదివి వినిపించాను. కత్తి నూరుకుంటూ విన్నాడు. ముక్కలు చుక్కలవుతాయన్న చోట చెయ్యి ఆగింది. మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను. కత్తి పక్కన పెట్టి ఏటి వైపు వెళ్లిపోయాడు. ఆయన మొదలెట్టించిన పని అది. ఆయన చూస్తుండగా ఇన్ని ఇళ్లవాళ్లు కూర్చుని తమ ఆల్చిప్పల్ని తామే చంపుకున్నారు. ఆ మాట ఏరంతా తెలిస్తే ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటాడు?

మర్నాడు షెడ్డు ముందు నిలబడి వేరే మాట చెప్పాడు. రేవు నుంచి డైవర్లు బతికున్న చుక్కల్ని సంచుల్లో పట్టుకొస్తున్నారని, రాత్రికి రాత్రి మన తెప్పల కింద వదలడానికని, అసలు మొదట వదిలింది కూడా వాళ్లేనని. జనం ఊగిపోయారు. నేను అది అబద్ధమని అందరి ముందూ చెప్పలేదు. ఇంటికొచ్చాక ఆయన్ని అడిగాను. నా మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు, ఇంకా వాపు తగ్గలేదు. ఈ అక్షరాలు వంకరగా ఉన్నాయంటే అందుకే.

మొన్న ఒడ్డున బోటు దిగిన ఎవరో పరాయి మనిషిని, కొలతలు తీసేవాడట, రాళ్లతో కొట్టి తరిమారు. అతని తల పగిలింది. చేపల శాఖ ఆవిడకి చెప్పు, పోలీసుల్ని వెంటబెట్టుకుని గానీ రావొద్దని. మీ ఆయన్ని మాత్రం ఆపు.

వదిన


ఆగస్టు 3

వదినా,

నీ ఉత్తరం నిన్న చేరింది. బోటు మొన్ననే బయల్దేరింది. ఆఫీసుకి వెళ్లి చెబితే, అన్ని జాగ్రత్తలూ తీసుకుంటామన్నారు.

నిజం చెప్పు, నా మీద కోపంతో రాసింది కాదు కదా అది? అన్నయ్య నీ చెయ్యి మెలిపెట్టాడంటే వచ్చాక నేనే ఆయన చెవి మెలిపెడతాను. కానీ మా ఆయన జోలికి వస్తాడా? మా పెళ్లి కుదిర్చిందే ఆయన. బావా అంటే బావా అని ఒకే కంచంలో తిన్నవాళ్లు. ఈయన వెళ్తూ వెళ్తూ బావకని కొత్త చొక్కా కొన్నాడు. మా అత్తారింటికి పోతున్నా, పదిరోజులు నన్ను పిలవకండి అని రేవంతా చెప్పుకున్నాడు.

వస్తే చెవిలో మందు వేయించుకోమని గుర్తు చెయ్యి. సీసా చొక్కా జేబులో ఉంది.

పిట్ట


ఆగస్టు 13

పిట్టా,

ఎలా రాయాలో తెలీడం లేదు. మీ ఆయన శవం వెంట మీ అన్న నీ దగ్గరికి వచ్చాడు, నన్ను రానివ్వలేదు. ఇక్కడ పోలీసులు అడుగుతారు, ఒకళ్లు ఇంట్లో ఉండాలన్నాడు.

ఎలా జరిగిందో నీకు చెప్పే ఉంటారు. మన తెప్ప కింద చిప్పల అంచులు కత్తుల్లా ఉంటాయి కదా. గాలి గొట్టం వాటికి రాసుకుని తెగిపోయిందట. అందరూ అదే చెబుతున్నారు. పోలీసులు కూడా అదే రాసుకుపోయారు.

నువ్వు తిండి మానకు. నీకు తోడుగా వచ్చి ఉండాలని ఉంది.

వదిన


ఆగస్టు 20

వదినా,

అన్నయ్య వచ్చాడు. నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాడు. మూడు రోజులు మెతుకు ముట్టకపోతే నేనే కలిపి నోట్లో పెట్టాను. మా ఆయన శవం లేచిన ఇంట్లో, నా చేత్తో.

అన్నయ్య వెళ్లిపోయాక బోటు తిరిగొచ్చింది. గొట్టం నా చేతికిచ్చారు. నా చేతుల్లో రోజూ ఆడిన గొట్టం అది. చిప్పకి రాసుకుంటే రబ్బరు పీచులు పీచులుగా లేస్తుంది, అలాంటివి ఎన్నిటికో అతుకులు వేశాను. ఇది ఒక్క వేటుకి తెగింది.

పొడుగాయన వచ్చి జరిగింది చెప్పాడు. తెప్పల మీద జనం కత్తులు పట్టుకుని నిలబడి ఉంటే చూసి తను దిగనన్నాడట. పోలీసు ఒక్కడే వచ్చాడు, వాడూ ఒడ్డునే ఆగిపోయాడు. మా ఆయన నవ్వి, వీళ్లంతా మా అత్తారివాళ్లు, నన్ను చూస్తే నవ్వుతారు, ముందు నేను దిగుతానని చెప్పి ముసుగు తగిలించుకున్నాడట. చెవిలో దూది పెట్టుకుని దిగాడు.

నువ్వు ఒడ్డునే ఉన్నావని కూడా పొడుగాయన చెప్పాడు. కళ్లారా చూసిన మనిషివి, ఎవరో చెప్పగా విన్నట్టు రాశావు నాకు. అన్నయ్య వెనక నిలబడాలో, ఆ జనంతో నిలబడాలో, నీ ఇష్టం. నాకు మాత్రం ఒక్కటి చెప్పు. గొట్టం కోసింది ఎవరు?

ఆయన భార్య


సెప్టెంబరు 1

పిట్టా,

మీ అన్నే.

తెప్పలకి ఆ పక్క నుంచి చిన్న పడవలో వచ్చాడు. మధ్యలో తెప్పలు అడ్డం, బోటులో ఎవరున్నారో ఆయనకి కనబడదు. నీళ్ల మీద తేలుతున్న గొట్టం మాత్రం కనబడింది. ఎడం చేత్తో ఎత్తి పట్టుకున్నాడు. ఆ ఎత్తడం నేను చూశాను. గాలి ఆగితే పొడుగాయన పైకి తేలి, భయపడి పారిపోతాడని ఆయన లెక్క. చంపాలని కాదు. అది నిజం, కానీ దాన్ని అడ్డం పెట్టుకుని నిన్ను దేన్నీ మరచిపొమ్మని అడగను.

కొయ్యగానే కొస లోంచి బుస్సుమని గాలి కొట్టింది. మనిషి పైకి తేలలేదు. అడుగున చీకటి, తాళ్ల మధ్య దారి తెలియాలంటే ఆ గొట్టమే ఆధారం కదా, నీకు నేను చెప్పాలా. ఒక తెప్ప కుదిపినట్టు కదిలింది. మళ్లీ కదిలింది. అప్పుడు బోటులోంచి పొడుగాయన లేచి నిలబడి అరిచాడు, నీళ్లలో ఉన్నది మీ అల్లుడురా అని.

మీ అన్న కత్తితోనే దూకాడు. కనబడ్డ తాడల్లా కోసేశాడు. మా ఆల్చిప్పలన్నీ గుత్తులు గుత్తులుగా అడుక్కి పోయాయి. మీ ఆయన్ని బయటికి లాగేసరికి చేతులూ మొహమూ చిప్పలకి కోసుకుపోయి ఉన్నాయి, రెండు చేతులకీ తాడు చుట్టుకుని ఉంది. నోట్లోంచి నీళ్లూ నెత్తురూ వచ్చాయి. మీ అన్న ఆయన గుండెల మీద గుద్దుతూనే ఉన్నాడు, జనం వచ్చి లాగేదాకా. కాసేపటికి ఆ జనంలోంచే ఎవరో చిప్ప అంచు అన్నారు. ఆ మాటను అందరూ పట్టుకున్నారు. మీ అన్న అవునని కూడా అనలేదు, కాదని కూడా అనలేదు.

ఇక నా సంగతి. ఆయన గొట్టం ఎత్తి పట్టుకున్నప్పుడు నేను అరవొచ్చు. అరిస్తే ఆగేవాడేమో. నేను అరవలేదు. మీ ఆయన దిగడని నువ్వు రాశావు కదా. నీళ్లలో ఉన్నది ఎవరో పరాయివాడు, నాలుగు గుటకలు నీళ్లు తాగితే ఈ గొడవ వదిలిపోతుంది అనుకున్నాను. పక్క తెప్పాయన్ని కొట్టినప్పుడు ఊరుకున్నాను, కొలతలు తీసేవాడి తల పగలగొట్టినప్పుడు ఊరుకున్నాను. ఇదీ అలాగే.

నీ ఉత్తరం వచ్చాక నాలుగు రోజులు దాన్ని చేత్తో పట్టుకుని తిరిగాను. నిన్న స్టేషన్‌కి వెళ్లి చెప్పాను. చిప్ప కాదు, కత్తి అన్నాను. ఎవరి కత్తి అంటే మా ఇంటిదన్నాను. సాయంత్రానికి మీ అన్నని తీసుకుపోయారు. పోతూ నా వైపు చూడలేదు. చెల్లాయికి చెప్పావా అని మాత్రం అడిగాడు. రాస్తానన్నాను.

ఏరంతా నా మీద పడింది. మొగుణ్ణి పట్టిచ్చిన ఆడదని గిన్నెలు బయట పారేశారు. ఒక రాయి వచ్చి నుదుటికి తగిలింది, కుట్లు పడ్డాయి. పక్క తెప్పాయన పెళ్లాం తలుపు తీసింది, ఆవిడ ఇంట్లో ఉంటున్నాను. ఆవిడ నాతో మాట్లాడదు, అన్నం మాత్రం పెడుతుంది. జనం ఇంకా నరుకుతూనే ఉన్నారు. ముక్కలు చుక్కలవుతాయని ఒక్కొక్కరికీ చెప్పి చూశాను. నా మాట ఎవరు వింటారు?

నీ దగ్గరికి వస్తానని అడగను.

వదిన


సెప్టెంబరు 9

వదినా,

నీళ్లలో ఉన్నది పొడుగాయన అయ్యుంటే నువ్వు స్టేషన్‌కి వెళ్లేదానివా? ఆయనకీ పెళ్లాం ఉంది. నిన్న నా పక్కన కూర్చుని నీ ఉత్తరం చదివించుకుంది. చదివాక లేచి వెళ్లిపోయింది.

అన్నయ్యని చూడటానికి నేను రాను. చెల్లాయ్ అన్న మాట ఇంక నాకు పంపొద్దని చెప్పు.

సోమవారం మా బోటు మళ్లీ మీ ఏటికి వస్తోంది. ఈసారి పోలీసులు ఎక్కువమంది ఉంటారు. పొడుగాయన దిగుతాడు, గొట్టం నేను పడతాను. జనం కత్తులతోనే నిలబడతారని తెలుసు, నిలబడనీ. ఏరిన చుక్కల్ని సంచుల్లో కట్టి సున్నం గుంటకి మొయ్యాలి, ఆ పనికి రేవులో ఎవరూ ముందుకు రాలేదు. నువ్వు రా. మణికట్టు బాగుపడకపోయినా రా.

బోటులో నాతో మాట్లాడకు. గొట్టం వైపు ఎవరైనా వస్తే మాత్రం, నీళ్లలో ఎవరున్నారని ఆలోచించకుండా గట్టిగా అరిచెయ్.

పిట్ట